పదిహేడో ప్రశ్న

క్యోగా సరస్సుకు దక్షిణాన
మోకాలి లోతు బురద.
నా బూట్లు ముందే ఓడిపోయాయి.
చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు,
క్లిప్పు కింద పద్నాలుగు పేజీల ఫారం.
కంపాలాలో దాన్ని రాసినవాళ్లకు
ఈ వాసన తెలిసి ఉండదు:
పచ్చి తుంగ, కుళ్లిన తుంగ, పొగబెట్టిన చేప
మూడూ ఒకే గాలిలో.

గడప ముందు చాప అల్లుతోంది నములొండో.
"కూచో. తడిగా ఉందిలే,
నువ్వూ తడిగానే ఉన్నావు."

నెలకు ఎన్ని మోపులు కోస్తారు?
అరవై. వాన పట్టుకుంటే నలభై.
మోపు ఎంత?
జింజా లారీ వస్తే పదిహేను వందల షిల్లింగులు,
రాకపోతే పొయ్యిలోకి.
పొయ్యిలోకి పోయినదానికీ గడి ఉంది,
కట్టెల ధరతో గుణించాలి.
నీళ్లు?
పసుపు డబ్బాతో రోజుకు ఆరుసార్లు.
మట్టి?
మా మరిది ఇటుకలు కోస్తాడు, వాణ్ణే అడుగు.
మందులు?
ఎవరికి జ్వరమో చెప్పు, ఏ ఆకో చెబుతాను.

చేపలు?
జెల్లలు, బుట్టలో ఎన్ని పడితే అన్ని.
మాంబా?

అల్లే చేయి ఆగింది.
"మాది మాంబా వంశం. చుట్టాన్ని తింటామా?
మడుగు ఎండినప్పుడు అది బురదలో గూడు కట్టుకుని
ఊపిరి పీలుస్తూ పడుకుంటుంది.
గడ్డపారకు తగిలితే
తప్పైందని చెప్పి మళ్లీ కప్పెడతాం."

పట్టినవి సున్నా. అమ్మినవి సున్నా. తిన్నవి సున్నా.
రాశాక చూస్తే
మూడు కళ్ల చేపొకటి
కాగితంలోంచి నన్నే చూస్తోంది.

పదిహేడో ప్రశ్న
ఉన్నది ఉన్నట్టు చదివాను:
ఈ చిత్తడి నేల ఇలాగే ఉండటానికి
ఏటా మీ ఇంటి నుంచి
ఎంత చెల్లించడానికి సిద్ధంగా ఉన్నారు?

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
"ఎవరికి?" అంది.
"మడుగు చెయ్యి చాచడం నేనెప్పుడూ చూళ్లేదు.
ఇంకెవరికైనా అయితే
వాళ్లు దీన్ని ఎప్పుడు కొన్నారు?"

సూచనల పుస్తకంలో ఈ జవాబుకు పేరుంది:
నిరసన సున్నా.
సగటు కట్టేముందు తీసి పక్కన పెట్టాలట.

నిన్న టిబెన్‌కానాను అడిగాను.
వరి కోసం కాలవలు తవ్వించి
తుంగను తగలబెట్టిస్తున్న మనిషి.
ఎకరానికి ఎన్ని బస్తాలో, బస్తాకు ఎంతో
ప్రశ్న పూర్తవకముందే చెప్పేశాడు.
ఇస్త్రీ చేసిన చొక్కాలాంటి అంకె.
జిల్లా ఆఫీసులో ఆ చొక్కాకే కుర్చీ వేస్తారు.

అందుకే రాత్రి లాంతరు దగ్గర కూచున్నాను.
అమూల్యం అని రాసి పంపితే
అక్కడ మూల్యం లేనిదని చదువుకుంటారు.
ఒక్క అక్షరం చాలు
మడుగంతా మునిగిపోవడానికి.

పై ఊరి మురుగంతా
ఈ వేళ్ల సందుల్లో నానీ నానీ
అవతలి గట్టున తాగేనీరై తేలుతోంది.
అదే పని యంత్రాలు చేస్తే
సిమెంటెంత, కరెంటెంత, జీతాలెంత?
కూడాను.
పెద్ద అంకె!
పరీక్ష పాసైన పిల్లాడిలా
కామాలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నాను.
కాకిలెక్కే, నాకు తెలుసు,
కానీ ఈసారి కాకి మడుగు వైపు వాలింది.

మాంబా గడి దగ్గర మాత్రం పెన్ను ఆగింది.
సున్నాలు కొట్టెయ్యనూ లేదు,
ముందు ఒకటి చేర్చనూ లేదు.

తెల్లారి బయల్దేరేటప్పుడు ఒక చాప అడిగాను.
"ఇరవై వేలు."
పన్నెండన్నాను.
నన్ను కిందినుంచి పైదాకా చూసి,
పోయిన బూట్లు చూసి,
పద్దెనిమిది దగ్గర మేకు దిగేసింది.
వెల తెలియని మనిషి కాదు నములొండో.
దేనికి చెప్పాలో తెలిసిన మనిషి.

కంపాలా బస్సులో చాప ఇంకా ఆరలేదు.
కండక్టరు పాదం మీద
చుక్క చుక్కగా మడుగు.
దీనికీ టికెట్టు తీసుకోవాలన్నాడు.

ఎవరికి అని అడగకుండా
కట్టేశాను.